తడి రోడ్డు, యాభై మీటర్ల వెలుగు

తుర్కయంజాల్ దగ్గర సాగర్ రోడ్డు పక్కన నిలబడి కాసేపు తారును చూడండి. ఎల్బీనగర్ నుంచి బీఎన్ రెడ్డి నగర్, ఇంజాపూర్ మీదుగా వచ్చి, రాగన్నగూడ, బొంగులూరు గేటు దాటుకుని ఇబ్రహీంపట్నం వైపు పోయే దారి ఇది. పొద్దున ఎనిమిదింటికి ఇంజనీరింగ్ కాలేజీల పసుపుపచ్చ బస్సులు, కంకర టిప్పర్లు, ఆటోలు, వాటి సందుల్లోంచి దూరిపోయే బైకులు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట గట్టిగా బ్రేకు తొక్కుతూనే ఉంటారు. తొక్కిన చోటల్లా తారు మీద నల్లటి గీత మిగులుతుంది. మామూలు రోజుల్లో దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. ప్రమాదం జరిగిన రోజున మాత్రం క్లూస్ టీం వాళ్లు టేపు, సుద్దముక్క పట్టుకుని ముందుగా దాని దగ్గరే కూర్చుంటారు.

చక్రం తిరగడం ఆగిపోయి, బండి మాత్రం ముందుకు జారుతున్నప్పుడు రబ్బరు కరిగి రాసుకున్న గుర్తు అది. దాని పొడవు, రోడ్డుకున్న పట్టు, ఈ రెండూ తెలిస్తే బండి ఎంత వేగంలో ఉందో లెక్క కట్టొచ్చు. గీత పొడవును మీటర్లలో తీసుకుని, రోడ్డు పట్టుతోనూ 254తోనూ గుణించి, వర్గమూలం తీస్తే గంటకు ఇన్ని కిలోమీటర్లని వస్తుంది. పొడి తారుకు ఆ పట్టు సుమారు 0.7. గీత 25 మీటర్లుంటే వేగం 67 దగ్గర తేలుతుంది. అదే గీత తడి రోడ్డు మీద పడిందనుకోండి. పట్టు 0.4కు దిగుతుంది, వేగం 50 అని వస్తుంది. ఆ ఉదయం చినుకులు పడ్డాయన్న ఒక్క మాట పంచనామాలో రాయడం మరిచిపోతే డ్రైవరు ఖాతాలో 17 కిలోమీటర్ల వేగం ఊరికే జమ అవుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. గీత చివర బండి దేన్నయినా గుద్దుకుని ఆగితే, ఈ లెక్క చెప్పేది కనీస వేగాన్నే. గుద్దుకునేటప్పుడు మిగిలి ఉన్న వేగాన్ని నుజ్జయిన రేకుల్లో విడిగా వెతుక్కోవాలి.

ఈ సూత్రంలో బరువు ఊసే లేదని గమనించారా? బరువు పెరిగితే ఆపాల్సిన శక్తి పెరుగుతుంది, టైరును రోడ్డు పట్టి ఆపే బలమూ అంతే పెరుగుతుంది, రెండూ కొట్టుకుపోతాయి. మరి నిండు టిప్పర్ ఎందుకు ఆగదు? లోడు బండి టైర్లలో వాడే గట్టి రబ్బరుకు పట్టు తక్కువ. గాలి బ్రేకుల్లో, పెడల్ తొక్కాక గొట్టాల్లోంచి గాలి చేరి బ్రేకు పట్టడానికి దాదాపు అరసెకను పోతుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి వేడి. ఓవర్‌లోడు బండిని పదేపదే ఆపితే బ్రేకు డ్రమ్ములు కాలి, లైనింగ్ పట్టు వదిలేస్తుంది. డ్రైవరు 'బ్రేకులు పడలేదు సార్' అంటే స్టేషన్‌లో ఎవరూ నమ్మరు గానీ, ఒక్కోసారి అది అక్షరాలా నిజం.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగేద్దాం. వేగం తెలుసు, ఆగడానికి ఎంత దూరం కావాలి? గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ముందు ఏదో ఉందని కంటికి ఆనడం, అదేమిటో అర్థం కావడం, కాలు బ్రేకు మీదికి రావడం, వీటన్నిటికీ మెలకువగా ఉన్న మనిషికి కూడా సెకనున్నర పడుతుంది. ఆ లోపే 33 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత తడి రోడ్డు మీద ఆగడానికి 63 మీటర్లు. మొత్తం 96. బస్సుకైతే గాలి బ్రేకు ఆలస్యం కలిపి వంద దాటుతుంది. డిమ్ లైట్లలో రోడ్డు మీద పడి ఉన్న నల్లటి వస్తువు సుమారు యాభై మీటర్ల దగ్గరికి వస్తే గానీ కనపడదు. వాన, వైపర్లు, ఎదుటి వైపు నుంచి హైబీమ్ కలిస్తే ఇంకా తక్కువ. యాభై మీటర్లలో ఆగాలంటే తడి రాత్రి వేగం గంటకు 53 కిలోమీటర్లు దాటకూడదు. నాలుగు వరుసల రహదారి మీద బస్సులకు 2018లో కేంద్రం నోటిఫై చేసిన గరిష్ఠ వేగం 90.

ఈ అధ్యాయం మొత్తం ఆ 53కూ 90కీ మధ్య ఉన్న ఖాళీ గురించే.

2025 అక్టోబరు 24, శుక్రవారం, తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం. కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి. వాన పడుతోంది. ఇద్దరు యువకులు వెళ్తున్న బైకు అదుపు తప్పి డివైడర్‌ను గుద్దుకుంది. నడుపుతున్నవాడు అక్కడికక్కడే చనిపోయాడు. అతను మద్యం తాగి ఉన్నాడని తర్వాత ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. వెనక కూర్చున్నవాడు బతికాడు, స్నేహితుణ్ని రోడ్డు మీంచి పక్కకు లాగాడు. బైకు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. కాసేపటికి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న వి కావేరి ట్రావెల్స్ స్లీపర్ బస్సు వచ్చి ఆ బైకు మీదికి ఎక్కింది. బైకు బస్సు కింద ఇరుక్కుని వందల అడుగుల దూరం ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. బస్సులో నలభై మందికి పైగా ఉన్నారు. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైకు నడిపినవాడితో కలిపి 20.

తెల్లారాక మొదట వచ్చిన వార్త 'బస్సు బైకును ఢీకొట్టింది, మంటలు వచ్చాయి' అని. అప్పటికి అందరూ నమ్మింది కూడా అదే, బస్సు వచ్చి నడుస్తున్న బైకును గుద్దిందని. బతికిన యువకుడు చెప్పాకే కథ రెండు ముక్కలైంది. బైకు ప్రమాదం వేరు, బస్సు ప్రమాదం వేరు, మధ్యలో కొద్ది నిమిషాల ఎడం. దర్యాప్తు చేసేవాళ్లకు ఆ ఎడం చాలా విలువైనది. మొదటి ప్రమాదానికి మద్యం కారణమని చెప్పొచ్చు. రెండో ప్రమాదానికి కారణం రోడ్డు మీద చీకట్లో ఉండిపోయిన లోహపు ముద్ద. దాన్ని ఎవరూ తియ్యలేదు, వెనకొచ్చేవాళ్లను ఎవరూ హెచ్చరించలేదు. 19 మందిని చంపిన మూడో ప్రమాదం నిప్పు. దానికి మళ్లీ కారణాలు వేరు.

ఆ మూడోదాని దగ్గర కాస్త ఆగుదాం. పదిహేను టన్నుల బస్సు 80 వేగంలో పోతుంటే దానిలో ఉండే గతిశక్తి 37 లక్షల జౌళ్లు. పెద్ద అంకెలాగే కనిపిస్తుంది. ఒక్క లీటరు పెట్రోలు పూర్తిగా మండితే వచ్చే శక్తి 3 కోట్ల 30 లక్షల జౌళ్ల దాకా ఉంటుంది. బస్సు మొత్తం వేగంలో ఉన్న శక్తికి ఇది దాదాపు తొమ్మిది రెట్లు. బైకు ట్యాంకులో ఎన్ని లీటర్లు పడుతుందో మీకు తెలుసు. ఢీకొనడం అనేది ఈ కథలో చిన్న సంఘటన. దానివల్ల బస్సు పెద్దగా కదిలిపోలేదు. ఆ తర్వాత విడుదలైన శక్తి ముందు దాని లెక్క ఎంత?

పెట్రోలు ఆవిరి కావడానికి వేడి అక్కర్లేదు. సున్నాకు నలభై డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరిని అది వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, కాబట్టి పైకి పోకుండా బస్సు అడుగున చాపలా పరుచుకుంటుంది. గాలిలో దాని పాలు నూటికి ఒకటిన్నర దాటి ఏడున్నర లోపు ఉంటే చాలు, చిన్న నిప్పురవ్వ పని పూర్తి చేస్తుంది. బైకు స్టాండు, ఫుట్‌రెస్టు, హ్యాండిల్ కొసలు రోడ్డు మీద రాసుకుంటూ పోతుంటే రవ్వలకు కరువేముంది? వాన పడుతుంటే మంట ఎలా వస్తుందని చాలామంది అడిగారు. పెట్రోలు నీటి మీద తేలుతుంది. వాన దాన్ని ఆర్పదు, మరింత వెడల్పుగా పరుస్తుంది. పైగా బస్సు అడుగు వానకు తడవని చోటు.

బస్సు పరిగెడుతున్నంతసేపూ గాలి మంటను వెనక్కి లాగుతుంది. ఆగగానే మంట నిటారుగా లేచి నేలను, పక్క రేకులను, సామాన్ల అరను పట్టుకుంటుంది. బస్సు నేలలోని అల్యూమినియం రేకులు కరిగిపోయాయని ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్ పి. వెంకటరమణ చెప్పారు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. కరిగిన ఆ రేకే ఫోరెన్సిక్ వాళ్లకు ఉష్ణమాపకం. రాగి తీగలు ఎక్కడ కరిగాయి, ఎక్కడ నిలిచాయి అని చూస్తే 1085 డిగ్రీలు ఎక్కడ దాటిందో కూడా తెలుస్తుంది. మంట ఎక్కడ ఎక్కువసేపు ఉందో లోహాలు ఇలా మెట్లు మెట్లుగా చెబుతాయి.

సామాన్ల అరలో ఓ పార్సిల్‌గా 234 స్మార్ట్‌ఫోన్లు వెళ్తున్నాయని దర్యాప్తులో బయటపడింది. విలువ 46 లక్షల రూపాయలు. ఫోను బ్యాటరీలోని లిథియం అయాన్ గడిలో రెండు ధ్రువాల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర అది కరిగి, ధ్రువాలు తగులుకుంటాయి. అక్కణ్నుంచి గడి తన వేడిని తానే పుట్టించుకుంటుంది. లోపలి ద్రవం మండే వాయువుగా మారుతుంది, ధన ధ్రువపు పదార్థం ఆక్సిజన్‌ను కూడా వదులుతుంది. ఒకటి పేలితే ఆ వేడికి పక్కది. ఏసీ కోసం బస్సుకు పెట్టిన బ్యాటరీలు కూడా పేలాయని అధికారులు చెప్పారు. ఫోన్లే మంటకు కారణమన్నట్టు కొన్ని టీవీ చానళ్లు రోజంతా ఊదరగొట్టాయి. అది తలకిందుల వాదన. మంట ఫోన్ల దాకా వచ్చాక అవి దాన్ని పెంచాయి. అయితే మనుషులు పడుకున్న బెర్తుల కింద సరుకు రవాణా చెయ్యడం ఏమిటన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. దానికి ట్రావెల్స్ వాళ్ల దగ్గరా, వాళ్లను ఇన్నేళ్లూ చూస్తూ ఊరుకున్న రవాణా శాఖల దగ్గరా సమాధానం లేదు.

ఇలాంటి బస్సుల్లో మనుషులు చనిపోయేది చాలావరకు మంటతో కాదు, పొగతో. బెర్తుల పరుపుల్లో ఉండేది పాలీయురేథేన్ నురుగు. అది మండితే కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సైనైడు కూడా వస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా కార్బన్ మోనాక్సైడును రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి దగ్గు కూడా రాకుండానే స్పృహ పోవచ్చు. పోస్టుమార్టంలో రక్తాన్ని పరీక్షిస్తే, ఊపిరి ఉండగా పొగ పీల్చాడా లేదా అన్నది తెలుస్తుంది. శరీరాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే ఎముక నుంచో, దంతం లోపలి గుజ్జు నుంచో డీఎన్ఏ తీసి బంధువుల నమూనాలతో పోలుస్తారు. కర్నూలులో చేసిందీ అదే. పన్ను మీది గట్టి పింగాణీ పొర లోపలి గుజ్జును ఎంతో వేడి నుంచి కాపాడుతుంది.

ఇక బయటపడే దారి. తలుపు తెరుచుకోలేదని బతికినవాళ్లు చెప్పారు. గాలితో, కరెంటుతో పనిచేసే తలుపుకు తీగలు కాలిపోతే తెరుచుకునే దిక్కుండదు. ఏసీ బస్సు కిటికీలు కదలని అద్దాలు. అవి గట్టిపరిచిన అద్దాలు, పైపొర అంతా ఒత్తిడిలో బిగుసుకుని ఉంటుంది. మోచేత్తోనూ, సంచీతోనూ మధ్యలో ఎంత బాదినా ఆ దెబ్బను అద్దం వంగి మింగేస్తుంది. అదే మొనదేలిన ఉక్కుతో మూల దగ్గర, చట్రానికి నాలుగు వేళ్ల దూరంలో ఒక్కటి కొడితే ఆ ఒత్తిడి ఒక్కసారిగా తెగి అద్దమంతా పప్పుబద్దల్లా రాలిపోతుంది. బస్సుల్లో ఎర్రటి సుత్తి పెట్టేది ఇందుకే. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రాత్రి బస్సెక్కినప్పుడు చార్జింగ్ పాయింటు ఎక్కడుందో అందరం వెతుకుతాం. ఆ సుత్తి తన కొక్కేనికి ఉందో లేదో చూసేవాడు కనపడడు. చాలా బస్సుల్లో కొక్కెం ఒక్కటే ఉంటుంది.

ఇదే 44వ నంబరు రహదారి మీద, నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కల్వర్టును గుద్దుకుంది. డీజిల్ ట్యాంకు పగిలింది. 45 మంది చనిపోయారు. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు కదా అనుకుంటాం. మామూలుగా నిలవ ఉన్న డీజిల్ అంటుకోదు నిజమే. పగిలిన ట్యాంకులోంచి తుంపరగా చిమ్మితే వేరు. పైగా వేడి లోహం తగిలి రవ్వ లేకుండా తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత పెట్రోలు కన్నా డీజిల్‌కే తక్కువ. బండి పరిగెడుతున్నప్పుడు టర్బో, పొగగొట్టం ఆ వేడిని మించగలవు. పాలెం తర్వాత కూడా కిటికీల గురించి, సుత్తుల గురించి, అత్యవసర ద్వారాల గురించి మాట్లాడారు. బస్సు బాడీకి ఏఐఎస్ 052 అనీ, స్లీపర్ బస్సులకు ఏఐఎస్ 119 అనీ ప్రమాణాలు కాగితం మీద ఉన్నాయి. పన్నెండేళ్ల తర్వాత చిన్నటేకూరులో ప్రయాణికులు మళ్లీ చేతికి దొరికిన దానితో అద్దాలు పగలగొట్టుకుని దూకారు.

చిన్నటేకూరు మంటలు చల్లారి పది రోజులైందో లేదో, మన రంగారెడ్డి జిల్లాలోనే ఇంకొకటి. 2025 నవంబరు 3, సోమవారం పొద్దున. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఎదురుగా వచ్చి గుద్దింది. బస్సులో డెబ్బై మంది దాకా ఉన్నారు. టిప్పర్‌లోని కంకర బస్సులోకి కుమ్మరించినట్టు పడింది. రెండు బండ్ల డ్రైవర్లతో సహా 19 మంది పోయారు. ఇక్కడ నిప్పు లేదు, పొగ లేదు. పూర్తిగా న్యూటన్ లెక్క.

ఉదాహరణకు అంకెలు వేసుకుందాం. ఇవి ఆ బండ్ల అసలు అంకెలు కావు. లోడుతో 35 టన్నుల టిప్పర్, మనుషులతో 14 టన్నుల బస్సు, రెండూ 50 వేగంలో ఎదురెదురు. గుద్దుకుని అతుక్కుపోయాయనుకుంటే, ఆ తర్వాత రెండూ కలిసి టిప్పర్ వెళ్తున్న వైపే సుమారు 21 వేగంతో కదులుతాయి. టిప్పర్ వేగంలో వచ్చిన మార్పు 29. బస్సుది ముందుకు 50 నుంచి వెనక్కి 21, అంటే 71. స్పీడోమీటర్లు రెండూ ఒకే అంకె చూపించాయి, శరీరాలకు తగిలిన దెబ్బ మాత్రం రెండున్నర రెట్లు తేడా. ప్రమాద పరిశోధకులు ఈ వేగ మార్పునే ముందు కట్టేది. ఎవరు ఎంత వేగంలో వచ్చారన్న దానికన్నా గాయాల తీవ్రతను ఇది బాగా చెబుతుంది.

కంకర సంగతి ఇంకా ఘోరం. టిప్పర్ తొట్టి ఆగుతుంది, అందులోని రాళ్లను ఆపేది తొట్టి గోడ ఒక్కటే. గోడ ఎత్తును మించి గోపురంలా పోసిన రాళ్లకు అడ్డం ఏమీ లేదు. బండి 50లో ఉంటే ఆగే క్షణంలో అవి కూడా 50లోనే ముందుకు వెళ్తాయి. కప్పే పట్టా దుమ్ము ఆపడానికి పనికొస్తుంది, టన్నుల రాయిని ఆపదు. బండి పక్కకు ఒరిగిందా, అంతా ఒకేసారి దిగుతుంది. అంచు కిందికే నింపాలన్న నియమం ఎందుకుందో మీర్జాగూడలో జేసీబీలతో కంకర తోడి మనుషులను బయటికి తీసినప్పుడు రాష్ట్రమంతా చూసింది.

ఆ దారికి డివైడర్ లేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో నడిచిన కేసు ఒక కారణం. ప్రమాదం జరిగిన మధ్యాహ్నానికే చెట్ల కోసం కొట్లాడినవాళ్లే హంతకులన్నట్టు మాటలు మొదలయ్యాయి. నాకది నచ్చలేదు. చెట్లను దాటి రోడ్డు గీయడం ఇంజనీర్ల పని, గీసేదాకా ఓవర్‌లోడు టిప్పర్‌ను ఆపడం రవాణా శాఖ పని. ఈ రెండో పనికి ఏ కోర్టూ స్టే ఇవ్వలేదు.

ఇలాంటి చోట దర్యాప్తు అధికారికి ఎదురయ్యే మొదటి శత్రువు సహాయ కార్యక్రమమే. మనుషులను తీయాలి, ట్రాఫిక్ వదలాలి. క్రేన్లు, జేసీబీలు వస్తాయి. గంటలోపు బండ్లు పక్కకు పోతాయి, గాజుముక్కలు ఊడ్చేస్తారు, టైరు గీతల మీదినుంచి వెయ్యి బండ్లు వెళ్తాయి. ఆ గంటలో ఎవరో ఒకరు ఫోను పట్టుకుని రోడ్డు చుట్టూ నడుస్తూ వరసగా ఫొటోలు తీస్తే చాలు, వాటిని కలిపి కంప్యూటరులో ఆ స్థలాన్ని కొలతలతో సహా మళ్లీ నిలబెట్టొచ్చు. డ్రోన్ ఉంటే ఇంకా మేలు. తారులో లోహం దిగబడి లేచిన గంట్లు ఎక్కడ మొదలయ్యాయో దాదాపు అక్కడే బండ్లు మొదట తగులుకున్నాయి. ఎవరు గీత దాటి వచ్చారన్నది సాధారణంగా ఆ గంట్లే తేలుస్తాయి. ప్రత్యక్ష సాక్షుల్లో చాలామంది చప్పుడు విన్నాకే తల తిప్పి ఉంటారు.

పాత పద్ధతి ఒకటి నాకు చాలా ఇష్టం. ఎదురెదురుగా గుద్దుకున్నప్పుడు 'వాడు లైట్లు వెయ్యలేదు' అన్న వాదన ఎప్పుడూ వస్తుంది. పగిలిన హెడ్‌లైటు బల్బును భూతద్దం కింద పెట్టి చూస్తే జవాబు ఉంటుంది. లైటు వెలగనప్పుడు దెబ్బ తగిలితే లోపలి టంగ్‌స్టన్ తీగ చల్లగా, పెళుసుగా ఉండి తెగుతుంది, కొసలు పదునుగా ఉంటాయి. వెలుగుతుండగా తగిలితే తీగ మెత్తబడి ఉంటుంది కాబట్టి సాగి, చుట్ట విప్పుకుని వంకర పోతుంది. గాజు కూడా పగిలితే గాలి తగిలి తీగ మీద పసుపు తెలుపు పొడి పడుతుంది. గాజు రేణువులు కరిగి ముత్యాల్లా అంటుకుంటాయి. తీగే లేని ఎల్‌ఈడీ లైట్లు వచ్చాక ఈ సాక్షి మెల్లగా కనుమరుగైపోతోంది. దాని బదులు కార్లలో ఎయిర్‌బ్యాగ్ పెట్టె వచ్చింది. గుద్దుకోవడానికి ముందు అయిదు సెకన్ల వేగం, బ్రేకు సంగతులను అది దాచుకుంటుంది. బస్సుల్లో జీపీఎస్ పెట్టె ఉంటుంది, కాలిపోయినా అప్పటికే సర్వరుకు పంపిన సమాచారం మిగులుతుంది.

సాక్ష్యం ఇంత ఉంది, చదివే శాస్త్రం ఉంది. మరి మన దగ్గర చివరికి ఏం రాస్తారు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మరణాలు 1,68,491. వాటిలో 71.2 శాతానికి కేంద్ర రవాణా శాఖ నివేదికలో కారణం 'అతివేగం'. ఆ మాట ఎఫ్ఐఆర్ నుంచి వస్తుంది. ఎఫ్ఐఆర్‌లో అది ఎందుకుంటుందంటే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షనుకు, అంతకుముందు ఐపీసీ 304ఏకు, డ్రైవరు నిర్లక్ష్యం కావాలి. కేసు కట్టడానికి పనికొచ్చే మాటే కారణాల పట్టికలోకి ఎక్కుతుంది. గీత కొలిచి, పట్టు చూసి, వేగం కట్టి రాసిన అతివేగం ఎంత, అలవాటు చొప్పున రాసినది ఎంత అన్నది ఆ పట్టిక చెప్పదు. యాభై మీటర్ల వెలుగులో 80తో పోయిన బస్సుది చట్టం లెక్కలో అతివేగం కాదు, భౌతికశాస్త్రం లెక్కలో కచ్చితంగా అతివేగమే. ఆ తేడాను రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు.

అమెరికాలో విలియం హాడన్ అనే వైద్యుడు ఆ దేశపు రోడ్డు భద్రతా సంస్థకు మొదటి అధిపతి. ఆయన ప్రమాదాన్ని ముందు, అప్పుడు, తర్వాత అని మూడు కాలాలుగా విడదీసి, ఒక్కో కాలంలో మనిషి, వాహనం, పరిసరం ఏం చేశాయో విడివిడిగా రాయమన్నాడు. చిన్నటేకూరును అలా రాస్తే డ్రైవరు ఒక గడిలోకే వస్తాడు. మద్యం, పడి ఉన్న బైకును తియ్యడానికి ఎవరూ రాకపోవడం, చీకటి, బస్సు నేల, పరుపుల నురుగు, పార్సిల్ ఫోన్లు, తెరుచుకోని తలుపు, లేని సుత్తి, అన్నీ తక్కిన గడుల్లో ఉంటాయి. ఇది డ్రైవరును వదిలెయ్యడానికి చెప్పే మాట కాదు. అతని మీద కేసు నడవాలి, నడుస్తుంది. కాని అతన్ని జైల్లో పెట్టినంత మాత్రాన రేపు రాత్రి కర్నూలు దాటే ఇంకో బస్సులో పరుపు మారదు.

విమానం కూలితే దర్యాప్తు చెయ్యడానికి ఏఏఐబీ అనే సంస్థ ఉంది. అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న ఎయిరిండియా విమానం కూలినప్పుడు నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక బయటికొచ్చింది, దేశమంతా చదివింది. రైలు పట్టాలు తప్పితే రైల్వే సేఫ్టీ కమిషనర్ వస్తాడు. ఆయన రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తాడు, తన తప్పును తానే విచారించుకోకూడదని. అమెరికాలో 1967 నుంచి పనిచేస్తున్న ఎన్‌టీఎస్‌బీ అనే దర్యాప్తు సంస్థ పెద్ద రోడ్డు ప్రమాదాలను కూడా ఇలాగే విచారిస్తుంది. దోషం ఎవరిదో తేల్చడం దాని పని కాదు, కారణం చెప్పి ఏం మార్చాలో రాస్తుంది. 2023లో మన రోడ్ల మీద 1,72,890 మంది చనిపోయారు, రోజుకు 470 మందికి పైనే. వాళ్ల కోసం అలాంటి సంస్థ లేదు. మోటారు వాహనాల చట్టం 135వ సెక్షను, ప్రమాద కారణాల మీద లోతైన అధ్యయనాలకు పథకాలు పెట్టుకోవచ్చని 1988 నుంచీ చెబుతోంది. 2022 నుంచి ప్రతి ప్రమాదానికి పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ఇవ్వాలి. మంచిదే. అయితే అది పరిహారం ట్రిబ్యునల్ కోసం. ఐఐటీ మద్రాస్ సాయంతో తయారైన ప్రమాదాల డేటాబేసులో స్థలం, ఫొటోలు, బండి వివరాలు చేరుతున్నాయి. వాటిలోంచి 'ఈ మలుపు మార్చండి, ఈ పరుపు నిషేధించండి' అని బహిరంగంగా రాసి, అమలయ్యేదాకా వెంటపడే మనిషికి మాత్రం ఇంకా కుర్చీ వెయ్యలేదు.

చిన్నటేకూరు గొలుసులో అన్నిటికన్నా చవగ్గా తెగే లింకు రోడ్డు మీద పడి ఉన్న బైకు. దాన్ని తెంచడానికి పరుపులు మార్చక్కర్లేదు, చట్టం చెయ్యక్కర్లేదు. రాత్రి ప్రయాణంలో అలాంటిది కనపడితే పక్కకు తప్పించి వెళ్లిపోకండి. దాటి కాస్త దూరం పోయాక ఎడమ అంచున ఆపండి, నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి, మీరు మాత్రం రోడ్డు మీదికి రాకండి. జాతీయ రహదారి అయితే 1033కు, ఎక్కడైనా 112కు ఫోను చెయ్యండి. పక్కనున్న రాయి మీది కిలోమీటరు అంకె, ఏ ఊరి వైపు వెళ్లే దారో చెప్పండి. 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షను ప్రకారం సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు. పేరు చెప్పమని పోలీసులు బలవంతం చెయ్యడానికీ వీల్లేదు.